పది గంటల దిశలో బావ

కళ్లజోళ్ల షాపాయనకి ఒక బావ ఉన్నాడు. సొంత అక్క మొగుడు. మనిషి బంగారం, చెడు అలవాటంటూ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒకటే రోగం. కంటికి కనబడినదాన్ని నోటితో చెప్పకుండా ఉండలేడు.

చెప్పడమైనా మనలాగా "అదిగో, అక్కడ" అని ఊరుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. బావ అలా చెప్పడు. తన ముక్కు ఎదురుగా పన్నెండు గంటలు, కుడి చెవి వైపు మూడు, వీపు వెనక ఆరు. ఆ లెక్కన దిశ చెప్పాలి, దూరం చెప్పాలి, కదులుతోందో లేదో చెప్పాలి, కదిలితే ఎటో కూడా చెప్పాలి. అన్నీ చెప్పేదాకా ఆయనకి ముద్ద దిగదు.

ఒకసారి బంధువులింట్లో పుట్టినరోజు భోజనాలు. అందరూ తలొంచుకుని తింటున్నారు. బావ ఉన్నట్టుండి నిటారుగా అయిపోయి, "రెండు గంటల దిశలో మీ పెద్దత్తయ్య. ఇరవై అడుగులు. చేతిలో ఫోటోల ఆల్బమ్. కదులుతోంది. మన వైపే" అన్నాడు. రహస్యంగానే అన్నాడు. కాకపోతే బావ రహస్యం మూడు టేబుళ్ల అవతలికి వినబడుతుంది. పెద్దత్తయ్య అక్కడికక్కడే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆర్నెల్లు మాట్లాడలేదు.

"దిశ మార్చుకుంది," అన్నాడు బావ, అది కూడా చెప్పాలి కాబట్టి.

ఇంట్లో అక్క పరిస్థితి ఇంకా కనాకష్టం. పాపం ఆవిడ ఒక హ్యాండ్‌బ్యాగు కొనుక్కుని, సమయం చూసి చెబుదామని బీరువాలో దుప్పట్ల కింద దాచింది. బావ తువ్వాలు కోసం అటు వెళుతూ వెళుతూ, కనీసం ఆగకుండా, "దుప్పట్ల కింద తిన్నని అంచు. దుప్పటికి తిన్నని అంచు ఉండదు. పెట్టె" అనేసి స్నానానికి వెళ్లిపోయాడు.

"మీ బావతో కాపురం చేస్తున్నట్టు లేదురా, చెక్‌పోస్టులో ఉంటున్నట్టుంది," అని అక్క తమ్ముడి షాపుకొచ్చి చెప్పుకుంది.

ఇంకో సంగతి. బావ ఒకచోట నిలబడడు. ఏ వస్తువునైనా తన ఎడమ భుజం అటు పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ చూస్తాడు. కూరగాయల బండి చుట్టూ మూడు చుట్లు తిరిగి అప్పుడు వంకాయ పట్టుకుంటాడు. సెలూన్‌లో కూర్చోబెడితే కాలితో తన్ని కుర్చీ తిప్పుకుంటూ ఉంటాడు. సెలూన్ ఆయన విసిగిపోయి, కత్తెర పట్టుకుని కదలకుండా నిలబడితే తలే వచ్చి తగులుతుందిలే అని వదిలేశాడు. అప్పట్నించి బావ జుట్టు ఒక వైపు కాస్త తక్కువగానే ఉంటుంది.

ఉద్యోగం బస్సు డిపోలో, గేటు దగ్గర. వచ్చిన బస్సు నంబరు, టైము రాసుకోవడం. బస్సు మలుపు తిరగక ముందే గోడ మీద పడిన నీడ చూసి నంబరు రాసేస్తాడు. ఇరవై రెండేళ్లలో రెండే రెండు సార్లు తప్పు పోయిందట. ఒకసారి సూర్యగ్రహణం.

ఇలాంటి మనిషికి ఏ పని అప్పజెబితే ప్రపంచానికి తక్కువ నష్టం అని ఆలోచించి, బావమరిదే ఒక దారి కనిపెట్టాడు. కంప్యూటర్లో ఆడే విమాన యుద్ధం ఆట.

కళ్లజోళ్లాయనకి ఆ ఆట పిచ్చి ఎప్పట్నించో ఉంది. ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. జట్టులో నలుగురు. ఆయన కెప్టెను. ఒక పళ్ల డాక్టరు, ఒక లెక్కల టీచరమ్మ వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి ఇయర్‌ఫోన్లో కలుస్తారు. నాలుగోవాడు బావ. ఆయనకి షాపులోనే పక్క కుర్చీ.

ఆ ఆటలో గాల్లో విమానాలు కొట్టుకోవడం అందరూ చూసేదే. అసలు కష్టం నేల మీద ఉంటుంది. అడవులు, పొలాలు, గుట్టలు, వాటి మధ్య ఎదుటి జట్టువాళ్ల లారీలు, ట్యాంకర్లు. వీళ్లాడే చోట బండ్ల మీద పేర్లు, బాణం గుర్తులు ఏవీ రావు. మైలు ఎత్తునుంచి చూస్తే లారీ అంటే తెర మీద నువ్వుగింజంత మచ్చ. అది లారీయో, పొదో, తెర మీద కూర్చున్న దోమో తేల్చుకునేలోపు విమానం దాటిపోతుంది. పళ్ల డాక్టరు ఒకసారి పూర్తి ధైర్యంతో ఒక గడ్డివామిని పేల్చేసి, "పడింది!" అని కేక పెట్టాడు.

బావ వచ్చాక జట్టు తలరాత మారిపోయింది. తెల్లటి చిన్న విమానం తీసుకుంటాడు, తుపాకీ కూడా ముట్టుకోడు. ఎడమ రెక్క వంచి చుట్టూ తిరుగుతూ ఉంటాడు. విమానంతోబాటు మనిషి కూడా వంగుతాడు. మొదటి నెలలో రెండుసార్లు కుర్చీలోంచి పడ్డాడు, పడుతూ కూడా చెప్పడం ఆపలేదు.

"బండిని చూడకండి, నీడ చూడండి," అనేవాడు. "దుమ్ము చూడండి. అదిగో, పది గంటల దిశలో, చెట్ల వరసలో ఒక చెట్టుకి రెండు నీడలున్నాయి. రెండోది లారీ."

రెండోది లారీయే అయ్యేది. ఏడాది తిరిగేసరికి పోటీల పట్టికలో జట్టు కింది వరస నుంచి రెండో వరసకి ఎక్కింది. కళ్లజోళ్లాయన మనసులో బావ పట్ల జీవితంలో మొదటిసారి భక్తి లాంటిది పుట్టింది.

అలాంటి బావ మూడు ఆదివారాలుగా ట్యాంకరు ఒక్కటి చూడలేకపోతున్నాడు.

ఎదుటి జట్టుకి కొత్తగా ఒక పెట్రోలు ట్యాంకరు వచ్చింది. అది వాళ్ల విమానాల దగ్గరికి చేరితే వాళ్లు మళ్లీ నింపుకుని ఎగురుతారు, చేరకపోతే మనం గెలిచినట్టే. లారీలు కనబడుతున్నాయి, ఫిరంగులు కనబడుతున్నాయి. ట్యాంకరు మాత్రం ఊరేగింపులా వెళ్లి చేరిపోతోంది. వరసగా మూడు ఓటములు. ఈ ఆదివారం కూడా ఓడితే జట్టు మళ్లీ కింది వరసకి పోతుంది.

"మీ బావగారికి వయసు మీద పడింది," అన్నాడు పళ్ల డాక్టరు ఫోన్లో. "నేనైతే కదిలే పన్ను ఉంచను. తీసేస్తాను."

"తీసేయడమంటే..."

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

కళ్లజోళ్లాయనకి నిద్ర పట్టలేదు, తిండి సయించలేదు. గల్లా దగ్గర కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. బావని తీసేయాలి. తీసేస్తే ఆ మనిషికి ఆదివారం అనేది ఉండదు. ఆ దిశలూ దూరాలూ అన్నీ మళ్లీ అక్క మీద పడతాయి. ఉంచుకుంటే జట్టు ఉండదు. ఆఖరికి ఒక ఉపాయం తోచింది. చూపు పరీక్ష చేద్దాం. పాపం నిజంగానే కళ్లు మందగించి ఉంటే, జోడు పెడితే సరిపోతుంది.

గురువారం సాయంత్రం బావ వచ్చాడు. షాపు చుట్టూ ఒక చుట్టు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.

"మూడో వరస చదువు బావా."

బావ కళ్లు చికిలించాడు. "అవి అక్షరాలా? చీమలనుకున్నా."

"పైన పెద్దది?"

"ఎక్కడ పైన?"

కళ్లజోళ్లాయన వెళ్లి గోడ మీద తట్టాడు. "పోనీ, ఆ చార్టు వేలాడదీసిన గోడ కనబడుతోందా?"

"గోడ ఉన్నట్టు... అనుమానంగా ఉంది."

ఇంత ఘోరమా అని గభాలున తిరిగేసరికి, చేతిలో బిగిస్తున్న కళ్లజోడు మరమేకు కింద పడిపోయింది. ఆవగింజలో సగం ఉంటుంది ఆ మర. పడితే దొరకదు. భూతద్దం పట్టుకుని నేల మీద దేకడం మొదలెట్టాడు.

"నాలుగు గంటల దిశ," అన్నాడు బావ కుర్చీలోంచి. "రెండడుగులు. బల్ల కాలు వెనక. కాలి నీడకి అడ్డంగా దాని నీడ పడింది. కదలట్లేదు."

బల్ల కాలు వెనకే ఉంది.

కళ్లజోళ్లాయన మరను రెండు వేళ్లతో పట్టుకుని, మోకాళ్ల మీదే ఉండి, తల మాత్రం పైకెత్తి చూశాడు. బావ కప్పు వైపు చూస్తున్నాడు.

"అని అనిపించింది," అన్నాడు బావ.

ఎందుకు అబద్ధమాడుతున్నావని అడిగితే ఈ మనిషి చెప్పడు. కళ్లజోళ్లాయనకి ఒళ్లు మండింది. లేచి, షోకేసులోంచి అద్దాల్లేని ఖాళీ ఫ్రేము ఒకటి తీసి బావ ముక్కు మీద పెట్టాడు. "కొత్త రకం అద్దాలు. ఉన్నట్టే తెలీవు. ఎలా ఉంది?"

బావ అటూ ఇటూ చూశాడు. "అబ్బ, ఎంత తేడా!"

"పెట్టుకునే తిరుగు. తీయకు."

ఇద్దరికీ సంగతి తెలుసు. ఇద్దరూ బయటపడలేదు. బావ ఆ ఖాళీ జోడుతోనే ఇంటికెళ్లాడు.

ఆయన వెళ్లగానే కళ్లజోళ్లాయన పాత ఆటల రికార్డింగు పెట్టాడు. ఎవరెవరు ఎక్కడెక్కడ తిరిగారో అందులో ఉంటుంది. బావ తెల్ల విమానాన్ని వెతికాడు. గత ఆదివారం పదకొండు నిమిషాలపాటు అది ఒకేచోట, ఎడమ రెక్క వంచి, గుండ్రంగా తిరిగింది. దాని కింద, సరిగ్గా ఆ చక్రం మధ్యలో, ట్యాంకరు.

చూడకపోవడమా? కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాడు!

కళ్లజోళ్లాయన ట్యాంకరుని దగ్గరగా తెచ్చి చూశాడు. చూసేకొద్దీ నోరు తెరుచుకుంది. చుట్టూ బాంబులు పడుతుంటే ఆ ట్యాంకరు రోడ్డుకి ఎడమ పక్కగా, బుద్ధిగా వెళుతోంది. మలుపు వస్తే పసుపు లైటు వేసి మరీ తిరుగుతోంది. రైల్వే గేటు దగ్గర ఆగింది. ఆ ఆటలో రైళ్లే లేవు. అయినా ఆగి, అటూ ఇటూ చూసినంతసేపు ఆగి, అప్పుడు కదిలింది. వంతెన ఎక్కే ముందు హారను కొట్టింది. యుద్ధంలో, శత్రువుల విమానాలు నెత్తిన తిరుగుతుంటే, హారను.

అప్పుడు రెండు నెలల నాటి మాట ఒకటి కళ్లజోళ్లాయనకి గుర్తొచ్చింది.

"మన జట్టులో నేల బండి నడపడానికి ఒకాయన్ని తీసుకుందామా?" అని అడిగాడు బావ ఆ రోజు.

"ఎలా నడుపుతాడు?"

"ముప్పై ఒక్క ఏళ్లు నడిపాడు. బండికి ఒక్క గీత పడలేదు."

"స్పీడెంత?"

"స్టాపుల్లో ఆగుతాడు."

"యుద్ధంలో స్టాపులేంటి బావా? వద్దు."

బావ ఇంకేం అనలేదు. అలా ఇంకేం అనకపోవడం బావ స్వభావానికి విరుద్ధమని ఆ రోజు తట్టనే లేదు.

శనివారం డిపో దగ్గర కాపు కాశాడు కళ్లజోళ్లాయన. డ్యూటీ దిగి బావ ఎటు వెళతాడో చూద్దామని వెనకే నడిచాడు. అన్నీ కనిపెట్టేవాడిని వెంబడించడం ఎంత తెలివితక్కువ పనో మొదటి మలుపులోనే తెలిసింది. బావ వెనక్కి తిరగనే లేదు.

"ఆరు గంటల దిశలో బావమరిది," అన్నాడు దార్లోకి చూస్తూనే. "నలభై అడుగులు. స్తంభం వెనక దాక్కున్నాడు. పొట్ట దాక్కోలేదు."

కళ్లజోళ్లాయన స్తంభం వెనకనుంచి వచ్చాడు, పొట్టతో సహా.

"రా," అన్నాడు బావ. "కానీ అక్కడ మన ఆట ఊసెత్తావంటే నీ సంగతి అక్కకి చెబుతా."

"ఏ సంగతి?"

"ఏదో ఒకటి కనబడుతుందిలే."

రెండు వీధులవతల ఒక చిన్న ఇల్లు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల. దాని మీద బిగించిన ప్లాస్టిక్ స్టీరింగు. ఎదురుగా పాత కంప్యూటరు. కుర్చీలో అరవైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకుని. బావ డిపోలోనే ఇరవై ఏడో నంబరు రూటు బస్సు డ్రైవరు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. లైసెన్సు వెనక్కి తీసుకున్నారు.

"డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు బాబూ," అంది ఆయన భార్య మంచినీళ్లిస్తూ. "రెండో రోజే కిటికీలోంచి విసిరేశారు. పలకరించడానికొచ్చిన వాళ్లంతా ‘భేష్, భేష్’ అంటున్నారని, పసిపిల్లాడిలా చూస్తున్నారని, ఆ కోపం. మీ బావగారు ఈ చక్రం తెచ్చి బిగించి, ఎవరో ఆటవాళ్ల జట్టులో చేర్పించాక రోజుకి రెండు గంటలు కుడి చేత్తోనే తిప్పుతున్నారు. బండి ఎక్కేటప్పుడు చొక్కా కూడా మార్చుకుంటారు."

"రేపు డ్యూటీ ఉంది," అన్నాడు డ్రైవరు. మాట నిదానంగా, ఒక్కో ముక్కా తూచినట్టు వస్తోంది. "మూడు వారాలు. ఒక్క గీత పడలేదు. పైన అన్ని విమానాలు తిరుగుతాయా, ఒక్కడికీ కనబడను."

"నీ తోలకమే అలాంటిదన్నా," అన్నాడు బావ.

"తోలకం కాదు తమ్ముడూ. వాళ్లు గుడ్డోళ్లు. ముఖ్యంగా ఒకడున్నాడు, తెల్ల విమానం. చూడ్డమే వాడి ఉద్యోగమట. శుద్ధ గుడ్డి వెధవ."

కళ్లజోళ్లాయనకి మంచినీళ్లు అడ్డం పడ్డాయి.

"అవునన్నా," అన్నాడు బావ మొహంలో ఏమీ కనబడనివ్వకుండా. "అలాంటోణ్ణి ఎందుకు పెట్టుకున్నారో!"

"వాడి కెప్టెను ఇంకా పెద్ద గుడ్డోడై ఉంటాడు."

"అందులో అనుమానం లేదు."

"మీ బావమరిది ఏం చేస్తాడు?"

"మావాడిది కళ్లజోళ్ల షాపు."

"అయితే వాళ్లిద్దరికీ చెరొకటి పంపు నాయనా," అన్నాడు డ్రైవరు. తర్వాత బావ మొహం వైపు కాసేపు చూశాడు. "నువ్వెప్పుడు పెట్టావు జోడు?"

"ఈ మధ్యే అన్నా. దూరానివి సరిగ్గా ఆనట్లేదు."

డ్రైవరు ఆ ఖాళీ ఫ్రేములోంచి బావ కళ్లలోకి చూసి, "ఊఁ" అన్నాడు. అంతే.

బయటికొచ్చాక కళ్లజోళ్లాయన ఆగలేకపోయాడు. "నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెబితే నువ్వూ కనబడనట్టు నటించాలి. నీకు నటన రాదు."

గోడ ఉందో లేదో అనుమానం అన్న మనిషి ఈ మాట అనేసరికి కళ్లజోళ్లాయన ఆ ఖాళీ ఫ్రేము వంక గుర్రుగా చూశాడు.

"ఆయనకి జాలి పనికిరాదురా," అన్నాడు బావ, వీధి దీపం స్తంభం చుట్టూ తిరుగుతూ. "నిజంగా తప్పించుకున్నాననిపించాలి. నన్ను జట్టులోంచి తీసేస్తావా, తీసెయ్. తప్పు నీది కాదు. కానీ నా బదులు వచ్చేవాడికి కళ్లుంటాయిగా. మొదటి మలుపులోనే ఆ పసుపు లైటు కనబడిపోతుంది. పేల్చేస్తే ఆ చక్రం కూడా కిటికీలోంచి వెళ్లిపోతుంది."

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దిగింది. ఆట మొదలైంది. అరగంటకి రెండు వైపులా దాదాపు అన్నీ కూలిపోయాయి. మిగిలింది ట్యాంకరు. అది చేరకుండా ఆపితే గెలుపు. జట్టు రెండో వరసలో నిలబడుతుంది.

"ట్యాంకరు ఎక్కడ?" ఇయర్‌ఫోన్లో పళ్ల డాక్టరు అరుస్తున్నాడు. "బావగారూ! ట్యాంకరు!"

"వెతుకుతున్నా," అన్నాడు బావ, ఖాళీ జోడు సవరించుకుంటూ.

కళ్లజోళ్లాయన మేఘం కిందికి దిగాడు. దిగాడో లేదో సూటిగా ముక్కు ఎదురుగా, పన్నెండు గంటల దిశలో, రైల్వే గేటు. గేటు దగ్గర ట్యాంకరు. ఆగి ఉంది, రాని రైలు కోసం. ఎడమ వైపు పసుపు లైటు వెలిగి ఆరుతోంది. రెక్కల కింద బాంబులు రెండూ అలాగే ఉన్నాయి. వేలు మీట మీద ఉంది. ఏడాది కష్టం, రెండో వరస, అన్నీ ఆ వేలు కిందే.

పక్క కుర్చీలో బావ ఊపిరి బిగబట్టాడు. కళ్ల ముందు అంత పెద్ద ట్యాంకరు ఉంటే చెప్పకుండా ఉండటానికి ఆ మనిషి ఎంత అవస్థ పడుతున్నాడో! పెదాలు రెండూ పళ్ల కింద పెట్టుకున్నాడు. మెడనరాలు లేచాయి. కుర్చీ కిర్రుమంటోంది.

"గేటు దగ్గర ఏదో పసుపుగా మినుక్కుమంటోంది!" అన్నాడు పళ్ల డాక్టరు. "కెప్టెన్ గారూ, మీ ముందే! ఏంటది?"

కళ్లజోళ్లాయన నోటికొచ్చింది అనేశాడు. "మిణుగురు."

"మధ్యాహ్నం రెండింటికి మిణుగురా?"

"పెద్ద మిణుగురు."

బావ ఒకే ఒక్కసారి పక్కకి తిరిగి, నీకు నటన రాదని ముందే చెప్పానుగా అన్నట్టు చూశాడు.

"నేనే వస్తున్నా," అన్నాడు డాక్టరు. కానీ మిణుగురు సంగతి తేల్చుకునే ఆవేశంలో వెనక చూసుకోలేదు. ఎదుటివాళ్ల ఆఖరి విమానం ఆయన్ని పడగొట్టేసింది. ట్యాంకరు అటూ ఇటూ చూసి, గేటు దాటి, వంతెన ముందు హారను కొట్టి, నిదానంగా వెళ్లి చేరింది. ఆట ఓడిపోయారు.

"కెప్టెన్ గారూ," అంది అప్పటిదాకా మాట్లాడని లెక్కల టీచరమ్మ, "నాకు ముందునించీ ఒక లెక్క తేలట్లేదు. కింది వరసలో ఆడితే మనకి పోయేదేంటి?"

డాక్టరు సమాధానంగా ఏదో అన్నాడు. అది పళ్లకి సంబంధించినది కాదు.

అందరూ వెళ్లిపోతుండగా తెర మీద, రెండు జట్లకీ కనబడేచోట, అక్షరాలు ఒక్కొక్కటిగా పడటం మొదలెట్టాయి. ఒక్కో ముక్కకీ మధ్య ఒక స్టాపు దాటినంత సమయం పట్టింది.

"తెల్ల విమానం తమ్ముడికి. నాలుగు వారాలుగా నా అద్దంలో ఉన్నావు. ముప్పై ఒక్క ఏళ్లలో అద్దం చూడకుండా నేను బండి తోలలేదు. మంగళవారం ఇంటికి రా. ఆ ఖాళీ జోడు తీసేసి రా. ఇది కుడి చేత్తో కొట్టాను."

చాలాసేపటికి కింద ఇంకో ముక్క పడింది. "వచ్చేవారం నుంచి మీ వైపు తోలతాను. మీకు డ్రైవరు అవసరం బాగా కనబడుతోంది."

బావ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత జోడు తుడుచుకోబోయాడు. రెండు వేళ్లూ అద్దాలుండాల్సిన చోటునుంచి ఇవతలికొచ్చాయి. వాటినే కాసేపు చూస్తూ కూర్చున్నాడు. కళ్లజోళ్లాయన ఆ బావతో ఉన్న పద్దెనిమిదేళ్లలో, గదిలో అంత నిశ్శబ్దం వినడం అదే మొదలు.

ఏదో ఒకటి చెప్పాలని ఆయన నోరు తెరిచేలోపు బావ నిటారుగా అయిపోయాడు.

"ఐదు గంటల దిశ. షట్టరు కింద రెండు పాదాలు. నడక కోపంగా ఉంది." లెక్క మాత్రం తప్పలేదు. "మీ అక్క. కదులుతోంది. మన వైపే."